గొంతు తియ్యకుండా చెప్పు

నా చెవులు పోయింది లెక్కల క్లాసులో. అప్పుడు ఏడో తరగతి చదువుతున్నాను. మాది బంట్వారం వైపు ఊరు. చేన్లలో కూలి దొరకడం తగ్గాక మా నాన్న తాండూరు వచ్చి, బండలు పాలిష్ చేసే యూనిట్‌లో పనికి కుదిరాడు. యూనిట్ వెనకాలే రేకుల గదిలో ఉండేవాళ్ళం. ఆ రోజు క్లాసులో పక్కపిల్ల ఏదో అంటే నవ్వాను. సారు చాక్‌పీసు పారేసి వచ్చాడు. రెండు అరచేతులూ చాచి నా రెండు చెవుల మీద ఒకేసారి కొట్టాడు. తల లోపల గుడ్డ చినిగినట్టయింది. ఆ తర్వాత ఒకటే ఈల. సారు నోరు తెరుచుకోవడం, మూసుకోవడం కనిపించింది గానీ ఏం తిడుతున్నాడో వినపడలేదు. జవాబు చెప్పడం లేదని మళ్ళీ కొట్టాడు.

ఇంటికి చేరేసరికి కుడి చెవిలోంచి నెత్తురు మెడ మీదికి కారి ఎండిపోయింది. మర్నాడు నాన్న బడికి వచ్చాడు. పోట్లాడతాడనుకున్నాను. చేతులు కట్టుకుని నిలబడి, "తప్పు చేస్తే ఇంక రెండు కొట్టున్రి సార్. గని జర సదువు మంచిగ చెప్పున్రి," అన్నాడు. ఆ మాట ఎడమ చెవిలోంచి, దూరంనుంచి వచ్చినట్టు వినిపించింది.

కుడి చెవికి చీము పట్టింది. అమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి పోసింది. అది ఇంకా పాడైంది. కొన్ని నెలలకు ఎడమ చెవి కూడా మందగించింది. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు గానీ, నాకు వినపడడం లేదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. లోకమే నెమ్మదిగా మాట్లాడుతోందని అనుకున్నాను. మా ఇంట్లో నోటికన్నా ముందు చెయ్యి లేచేది. పిలిస్తే పలకడం లేదని అమ్మ వెనకనుంచి చెంబు విసిరేది. చెప్పిన పని చెయ్యలేదని నాన్న బెల్టు తీసేవాడు. దెబ్బ పడ్డాకే నన్ను పిలిచారని తెలిసేది. అలా కొంతకాలానికి నాకొక అలవాటైంది. గదిలో ఎవరు ఎక్కడున్నారో చూసుకోకుండా కూర్చునేదాన్ని కాదు. మాట్లాడేవాళ్ళ నోళ్ళ మీదనుంచి చూపు తిప్పేదాన్ని కాదు. పెదాలు చదవడం నాకు ఎవరూ నేర్పలేదు. దెబ్బల భయమే నేర్పింది.

పదో తరగతిలో చెవి వెనక గడ్డ లేచి జ్వరం ఆగకపోతే, ఆసుపత్రిలో పడుకోబెట్టి ఆపరేషన్ చేశారు. అక్కడ ఒక నర్సు ఉండేది. మాట్లాడే ముందు నా గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకునేది. మొదటిసారి ఆమె చెయ్యి నా మొహం దగ్గరికి వచ్చినప్పుడు నేను తల కిందకి దించి, మోచేతులు అడ్డం పెట్టుకున్నాను. ఆమె చెయ్యి అలాగే గాలిలో ఆపింది. నేను మోచేతులు దించేదాకా ఆగింది. "నీకు ఇనపడ్తలేదు బిడ్డా. నీ తప్పు కాదు," అంది. నేను నర్సు కావాలనుకోవడానికి వేరే కారణం ఏమీ లేదు.

వికారాబాద్‌లో నర్సింగు చదివాను. చేరేటప్పుడే నా చెవుల సంగతి చెప్పాను. డాక్టరు పరీక్ష చేసి, చెవి మిషన్ పెట్టుకుంటే ఎడమ చెవికి సరిపోతుందని రాసిచ్చాడు. కానీ రాసిచ్చిన కాగితం వార్డులో పనికిరాలేదు. బీపీ చూడడం నేర్పే రోజున, స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నా నాకు ఏ చప్పుడూ అందలేదు. మా ట్యూటరు వచ్చి స్టెతస్కోపు ఒక్క గుంజు గుంజింది. దాని ఇనుప కొస చెవి లోపల గీసుకుపోయింది. "చెవిటిదానివి నర్సెట్లయితవ్? మనుషుల్ని సంపుతవా?" అని అదే స్టెతస్కోపుతో తల మీద కొట్టింది. తోటి పిల్లలు నేల చూపులు చూశారు.

ఆ వార్డులో రిటైర్మెంటుకు దగ్గర పడ్డ ఒక పెద్ద సిస్టర్ ఉండేది. మేమంతా ఆమెను ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అనేవాళ్ళం. సాయంత్రం నన్ను పిలిచి, తన చేతికే బీపీ పట్టీ చుట్టమంది. నా వేళ్ళు తన మణికట్టు మీద పెట్టి, "గాలి ఎక్కించు బేటా. నాడి ఆగిందా? గిప్పుడు జర జర ఇడువు. మల్ల ఎక్కడ తగుల్తదో సూడు. గది పైనంకె," అంది. కింద అంకె అలా తెలియదు, దానికి మిషన్ వాడాలని కూడా తనే చెప్పింది. స్క్రీను మీద అంకెలు చూపించే బీపీ మిషన్ నా సొంతానికి కొనుక్కున్నాను. ట్యూటరు దాన్నొకసారి నేలకేసి కొట్టింది. మళ్ళీ కొనుక్కున్నాను.

చదువయ్యాక తాండూరులో ఒక ఆసుపత్రిలో పని దొరికింది. క్యాజువాలిటీలో వేశారు. బండల లారీ తిరగబడి కాళ్ళు నుజ్జయినవాళ్ళు, గనుల్లో రాయి ఎగిరి కన్ను పోయినవాళ్ళు, పొలం గెట్టు తగాదాల్లో గొడ్డలి దెబ్బలు తిన్నవాళ్ళు వచ్చేవారు. వాళ్ళతోపాటు తాగినవాళ్ళు, అరిచేవాళ్ళు, అద్దాలు పగలగొట్టేవాళ్ళు. అంత గోలలో నా చెవి మిషన్‌లో అన్నీ కలిసి ఒకటే మోతగా వినిపిస్తాయి. అందుకని నేను మొహాలు చూసేదాన్ని. తెలుగు, ఉర్దూ, సరిహద్దు అవతలనుంచి వచ్చేవాళ్ళ కన్నడం, మూడూ కొంచెం కొంచెం పెదాల మీద పట్టుకోగలిగేదాన్ని. పొరపాట్లూ పడేదాన్ని. పెదాలు చూసి అన్ని మాటలూ చెప్పలేం. ప, బ, మ మూడింటికీ పెదాలు ఒకేలా మూసుకుంటాయి. మందు పేరు, మోతాదు చెబితే మాత్రం రాసివ్వమని అడిగేదాన్ని. విసుక్కునే డాక్టర్లు విసుక్కున్నారు. రాసిచ్చినవాళ్ళు రాసిచ్చారు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఒక మనిషి తన భార్యను మోటారుసైకిలు మీద తీసుకొచ్చాడు. పాలిషింగ్ యూనిట్‌లో మేస్త్రీ. ఇస్త్రీ చొక్కా, మర్యాదైన మాట. ఆమె ఎడమ చెయ్యి మోచేతి కింద వంకరగా వేలాడుతోంది. "బండల మీదకెల్లి కాలు జారి పడ్డది సిస్టరమ్మా. జర తొందరగ సూడున్రి," అన్నాడు. ఆమె కూడా, "అవు, పడ్డ," అంది.

తెర లాగి ఆమె జాకెట్టు చెయ్యినుంచి వీపు దాకా కత్తెరతో కోశాను. భుజంనుంచి నడుందాకా వాతలు. వెడల్పైన, అంచులు తేలిన వాతలు. కొన్ని పగిలి బట్టకు అంటుకుపోయాయి. అవి దేనివో నాకు తెలుసు. పాలిషింగ్ మిషన్ల రబ్బరు బెల్టు ముక్క ఒకటి మా గదిలో కూడా మేకుకు వేలాడేది. బండల మీద పడ్డ మనిషి వీపు అలా ఉండదు.

అతను తెర అవతలే నిలబడ్డాడు. కింద అతని చెప్పులు కనిపిస్తున్నాయి. ఆమెను అడగాలి. కానీ నా గొంతు ఎంత పైకి లేస్తుందో నాకే తెలియదు. గుసగుస అనుకుని నేనన్న మాటలు వరండాలో వినపడ్డాయని చాలాసార్లు చెప్పారు. చెవి మిషన్ తీసి అరచేతిలో పెట్టి ఆమెకు చూపించాను. నా చెవి మీద చెయ్యి పెట్టి, వినపడదన్నట్టు తల ఊపాను. నా కళ్ళు చూపించి, ఆమె పెదాలు చూపించాను. గొంతు మీద వేలు పెట్టి వద్దన్నాను.

ఆమె తెర కింది చెప్పుల వైపు ఒకసారి చూసింది. తర్వాత పెదాలు కదిపింది. గొంతు తియ్యలేదు.

మొదట 'నా పిట్ట ఇంట్ల ఉన్నది' అన్నట్టనిపించింది. పిట్టేమిటి? తల అడ్డంగా ఊపాను. ఆమె మళ్ళీ అంది. మళ్ళీ పిట్టే. అప్పుడు ఆమె బాగున్న చెయ్యి మంచం అంచు పక్కన చాచి, ఇంత ఎత్తు అని చూపించింది. బిడ్డ. నా బిడ్డ ఇంట్ల ఉన్నది.

ఆ తర్వాత మాటలు వరసగా వచ్చాయి. బిడ్డను కూడా కొట్టిండు. అడ్డమొచ్చింది. తలకాయ పగిలింది. లేస్తలేదు. లోపటేసి తాళమేసిండు. దవాఖానల నోరు తెరిస్తే పోయి దాన్ని సంపుతనన్నడు. యూనిట్ ఎక్కడో, గది ఏదో కూడా చెప్పింది. రెండుమూడు మాటలు నాకు అందలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఆమె పెదాలు వణకడంతో చదవడం కష్టమైంది. ఏడవొద్దని సైగ చేశాను. కన్నీళ్ళు మింగి మళ్ళీ చెప్పింది.

తెర కదిలింది. అతని తల లోపలికి వచ్చింది. చెవి మిషన్ ఇంకా నా చేతిలోనే ఉంది. పెదాల మీదే చదివాను: ఏం నడుస్తుంది?

"ఎక్కడ నొప్పో చూస్తున్న. ఎక్స్‌రే తియ్యాలె," అన్నాను.

డ్యూటీ డాక్టరు కుర్రాడు, కొత్తగా వచ్చాడు. చెవి మిషన్ మళ్ళీ పెట్టుకుని, పక్క గదిలోకి వెళ్ళి తలుపేసి అంతా చెప్పాను. అతను నా చెవి వైపు చూశాడు. "సిస్టర్, మీరు సరిగ్గానే విన్నారా? పోలీసులను పంపిస్తే అక్కడేం లేదనుకోండి..."

"నేను వినలేదు సార్. చూసిన. ఆమె వీపు మీరు కూడా చూడున్రి."

చూసి వచ్చాడు. మొహం మారిపోయింది. ఫోను తీశాడు.

భర్తను ఎక్స్‌రే గది దగ్గర, ఫిల్ము దగ్గర ఏదో ఒక వంక పెట్టి నిలబెట్టాం. ఆమెను వెనక్కి తీసుకొచ్చాక నేను పిండికట్టు మొదలుపెట్టాను. తడిపిన పట్టీ నీళ్ళు పిండి ఆమె చేతికింద పెడుతున్నాను. నా వీపు వాకిలి వైపు ఉంది. పోలీసులు తాళం పగలగొడుతున్నారని పక్కింటివాళ్ళు అతనికి ఫోను చేసి చెప్పారని తర్వాత తెలిసింది. అతను అరుస్తూనే వచ్చాడట. వరండాలో అందరికీ వినపడిందట. నాకు మాత్రం అది కూడా మోతలో కలిసిపోయింది. ఆమె కళ్ళు నా భుజం మీదుగా వెనక్కి పోవడం, నోరు పెద్దగా తెరుచుకోవడం కనిపించింది. సగం తిరిగాను.

సెలైన్ స్టాండుతో కొట్టాడు. సగం తిరగడంవల్ల అది నడినెత్తిన కాకుండా ఎడమ చెవి మీద, భుజం మీద పడింది. చెవి మిషన్ చెవిలోనే పగిలి లోపలికి దిగింది. మోకాళ్ళ మీద పడ్డాను. అతను నన్ను దాటి ఆమె విరిగిన చేతి మీద కొట్టాడు. ఆమె మొహం చూశాను. ఆ అరుపు నాకు వినపడకపోవడం ఆ రోజు నాకు దక్కిన మేలేమో. మళ్ళీ ఎత్తాడు. నేను అతని కాలు రెండు చేతులతో పట్టుకుని గుంజాను. రెండో కాలితో పక్కటెముకల్లో తన్నాడు, మళ్ళీ తన్నాడు. వదలలేదు. ఎందుకు వదలలేదంటే ధైర్యమని చెప్పలేను. వదిలితే స్టాండు ఎటునుంచి వస్తుందో నాకు తెలియదు. పట్టుకుని ఉన్నంతసేపు అతను ఎక్కడున్నాడో తెలుస్తుంది.

డాక్టరు, వార్డుబాయి, బయట చీటీల కోసం నిలబడ్డ జనం ఒక్కసారిగా మీదపడ్డారు. అతన్ని నా మీదనుంచి లాగి, వరండాలోకి ఈడ్చుకుపోయి కొట్టారు. చెప్పులతో, హెల్మెట్లతో, అదే స్టాండుతో. ఒక ముసలాయన తన కర్రతో అతని మోకాళ్ళ మీద కొడుతున్నాడు. ఇంకొకడు జుట్టు పట్టుకుని తల గోడకేసి గుద్దుతున్నాడు. డాక్టరు మధ్యలో దూరి, "సచ్చిపోతడు, ఆపున్రి!" అని చేతులు ఊపుతున్నాడు. డాక్టరు కళ్ళద్దాలు ఎగిరిపోయాయి.

అతన్ని తెచ్చి పక్క మంచం మీదే పడుకోబెట్టారు. ఇంకో మంచం ఖాళీ లేదు. నుదురు చీలి ఎముక కనిపిస్తోంది. రెండో సిస్టరు ఆమె దగ్గర ఉంది. డాక్టరు కుట్లు వెయ్యాలి, పక్కన ఒక చెయ్యి కావాలి. నా మెడ మీదుగా నెత్తురు కారుతోంది. ఒక పట్టీ చుట్టేసుకుని వెళ్ళి నిలబడ్డాను. గాయం అంచులు దగ్గరికి పట్టుకున్నాను, నెత్తురు అద్దాను. నాకు అతని మీద జాలి కలగలేదు. వేళ్ళతో ఆ గాయాన్ని ఇంకా చీల్చాలనిపించింది. నిజంగానే అనిపించింది. నా వేళ్ళు మాత్రం నేర్చుకున్న పని చేశాయి. అతను నన్ను చూస్తూ ఏదో అంటున్నాడు, పెదాలు ఆగకుండా కదులుతున్నాయి. నేను చూపు కుట్ల మీదికి తిప్పుకున్నాను. నాకు ఒక మాట వద్దనుకుంటే కళ్ళు తిప్పుకుంటే చాలు. అతను ఏమన్నాడో ఇప్పటికీ నాకు తెలియదు.

పాప మంచం కింద దొరికిందట. ఎనిమిదేళ్ళుంటాయి. నెత్తి మీద చర్మం పగిలి జుట్టంతా గడ్డకట్టింది. పోలీసాయన భుజం మీద వేసుకుని తెచ్చాడు. పాప ఇంకా ఊపిరి తీస్తోందని డాక్టరు చెయ్యెత్తి చూపించాడు. మంచం మీదనుంచి తల్లి దిగబోయి పడిపోయింది. ఇద్దరినీ అంబులెన్సులో పెద్దాసుపత్రికి పంపాం. పాప బతికింది. చాలా రోజులు పట్టింది.

నా చెవి లోపల పగిలిన ప్లాస్టిక్కు తియ్యడానికి మత్తు ఇచ్చారు. మిగిలిన వినికిడి ఇంకొంత పోయింది. సెలవు అయి తిరిగి వెళ్ళిన రోజున సూపర్‌వైజరు నన్ను కూర్చోబెట్టి, నెమ్మదిగా, నోరు బాగా తెరిచి మాట్లాడాడు. "నీ మంచికే చెప్తున్న. స్టోర్‌ల కూసో. మందుల డబ్బాలు ఎవల్నీ కొట్టయ్. వెనకనుంచి మనిషొస్తే నీకు ఇనపడదాయె."

"ఆ రోజు వినపడేటోళ్ళు మస్తుమంది ఉండ్రి సార్," అన్నాను. "ఆమె చెప్పింది నాకు ఒక్కదానికే."

ఆయన ఒప్పుకోలేదు. రెండు నెలలు స్టోర్‌లోనే ఉన్నాను. డబ్బాల మధ్య కూర్చుని ఏడ్చాను, కోపంతో ఒకసారి గ్లూకోజు సీసా గోడకేసి కొట్టాను. ఆ డాక్టరే పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి, క్యాజువాలిటీలో నా బల్ల జాగా మార్చితే చాలని, వాకిలి ఎదురుగా పెడితే నాకు అందరూ కనపడతారని చెప్పాడట. బల్ల జరిపారు. నన్ను వెనక్కి తెచ్చారు.

కేసు వికారాబాద్ కోర్టులో నడిచింది. పొద్దున రైలెక్కి వెళ్ళేదాన్ని. నా సాక్ష్యం రోజున అతని వకీలు నా వైపు వీపు తిప్పి జడ్జిని చూస్తూ ప్రశ్న అడిగాడు. అడిగాడని నాకు తెలియలేదు. జనం నవ్వారని వాళ్ళ పళ్ళు చూసి తెలుసుకున్నాను. అతను తిరిగి, "చూశారుగా?" అన్నట్టు చేతులు చాపాడు. నా వైపు తిరిగి అడగమని జడ్జి చెప్పింది. అప్పుడు ఫైలు మూతికి అడ్డం పెట్టుకుని వేగంగా అడిగాడు. నేను ఒకటి అనుకుని ఇంకొకటి జవాబు చెప్పాను. మళ్ళీ నవ్వులు. బడిలో దెబ్బలకన్నా అది ఎక్కువ నొప్పి పుట్టించింది. బోను కర్ర పట్టుకున్నాను.

"అమ్మా, నాకు రాసి చూపిస్తే జవాబు చెప్తా. నాకు తెలిసినదే చెప్తా, తెలియనిది చెప్పను," అని జడ్జిని అడిగాను. ఆమె ఒప్పుకుంది. ప్రతి ప్రశ్నా గుమాస్తా రాసి నా ముందు పెట్టాడు. చాలాసేపు పట్టింది. వకీలు కూర్చుని గడియారం చూసుకున్నాడు. బిడ్డ అన్న మాటను ముందు పిట్ట అనుకున్న సంగతి కూడా దాచకుండా చెప్పాను.

ఆమె, ఆ తల్లి, నా తర్వాత బోనెక్కింది. అత్తింటివాళ్ళు వెనక వరసలో కూర్చున్నారు. పడ్డానని చెప్పమని వాళ్ళు ఆమెను వారాలుగా వేధించారని నాకు తెలుసు. ఆమె వాళ్ళ వైపు చూడలేదు. "పడలే. కొట్టిండు. నన్ను కొట్టిండు, నా బిడ్డను కొట్టిండు, సిస్టర్ను కొట్టిండు," అంది. ఈసారి గొంతు గట్టిగా వచ్చి ఉంటుంది. గుమాస్తా ఉలిక్కిపడి తలెత్తాడు.

అతనికి శిక్ష పడింది. మేం అనుకున్నంత కాదు. ఆమె పూడూరులో తన అన్న దగ్గరికి వెళ్ళి, అక్కడ బడిలో మధ్యాహ్న భోజనం వండుతోంది. ఎడమ చెయ్యి పూర్తిగా తిరగదు. పాప చదువుకుంటోంది, ఎండలో తలనొప్పి వస్తుందట. అప్పుడప్పుడు ఇద్దరూ ఫోన్‌లో వీడియో కాల్ చేస్తారు. తల్లి మొహం కెమెరాకు దగ్గరగా తిప్పి పట్టుకునేది పాపే.

అతను విడుదలయ్యాక ఒకసారి ఆసుపత్రి ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడి కనిపించాడు. నుదుటి మీద మేం వేసిన కుట్ల గీత ఉంది. నన్నే చూస్తున్నాడు. పోలీసాయనకు చెప్పాను. ఆయన వెళ్ళేసరికి అక్కడ లేడు. మళ్ళీ రాలేదు. వస్తాడో రాడో తెలియదు. ఆ సాయంత్రం కరణ్‌కోటనుంచి చెయ్యి నలిగిన ఒకతన్ని తెచ్చారు, అతని దగ్గర కూర్చున్నాను. బాధతో అతను మొహం గోడ వైపు తిప్పుకుని ఏదో గొణుగుతున్నాడు. గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని, ఎక్కడ నొప్పో మళ్ళీ చెప్పమన్నాను.